గుట్ట మీది సెట్టు

చెన్నై,
16 నవంబరు 1997

ప్రియమైన శ్రీవారికి,

జయంతి నమస్కరించి రాస్తున్నది. డర్బన్‌లో మీరు వేసిన ఉత్తరం దీపావళి మరునాడు చేరింది. అత్తయ్య దాన్ని కళ్లకద్దుకుని కాసేపు ఒళ్లో పెట్టుకుని, ఆ తర్వాతే నా చేతికిచ్చింది. అత్తయ్య క్షేమం. మన పిల్ల ఆశ క్షేమం. మీ తమ్ముడి కుటుంబం, కింద అంగడి, అంగట్లోంచి మేడ మీదికి ఎక్కి వచ్చే ఎండు మిరపకాయల ఘాటు, అన్నీ మీరు వదిలి వెళ్లినట్టే ఉన్నాయి. మీరూ, మీ ఓడా, మీకు పప్పులో కొబ్బరి వేసి పెట్టే ఆ గోవా వంటాయనా చల్లగా ఉండాలని రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాం.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఎంత బాగా అంటే, కట్టు విప్పిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, కిటికీ ఊచల మీద బూజు, అన్నీ కనబడుతున్నాయి. "ఇన్నాళ్లూ ఈ మురికిలోనేనా నేను అన్నం తింటా ఉండింది?" అని అడిగింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమెకూ నవ్వొచ్చింది కానీ, దుమ్ము మాత్రం తుడిపించింది.

ఆశ చదువు సంగతి. కొత్తగా మైలాపూరు దాకా వేసిన రైలెక్కి కాలేజీకి పోతోంది. ఆ రైలు కోసం బీచ్ స్టేషన్ దాకా నడవడం బస్సుకన్నా ఆలస్యమే, అయినా రైలే కావాలంటుంది. పై నుంచి ఊరు కనిపిస్తుందట. వానకు వంటింటి పైకప్పు ఈసారి కారలేదు. మీరు పోయేముందు పూయించిన తారు నిలిచింది.

ఇక మీ పెద్ద ప్రశ్న. "సెట్లు కొనవద్దు, నేను వచ్చాక చూద్దాం" అని కింద గీత గీసి మరీ రాశారు. ఆ ఉత్తరం వచ్చేనాటికే సెట్లు ఇంటికి వచ్చేశాయి. కోప్పడకండి. ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను.

మా ఆదివారం నడక బృందం పోయినేడు నాగలాపురం కొండలకు పోయినప్పుడు మారిముత్తు గారు దారి తప్పిన సంగతి మీకు రాశాను. పోస్టాఫీసులో పనిచేసే మనిషి, ఊళ్లో ఏ సందైనా కళ్లు మూసుకుని పోగలడు. కొండలో మాత్రం ఒక మలుపు తప్పి, పొద్దు గూకేదాకా ఒక్కడే తిరిగాడు. అప్పటి నుంచి మా పెద్ద ఆనందన్ గారు పట్టుబట్టారు, చేతిలో పట్టుకుని మాట్లాడే వైర్‌లెస్ సెట్లు మూడైనా లేకుండా ఇక కొండెక్కేది లేదని. బృందంలో వైర్‌లెస్ వాడుకునే హ్యామ్ లైసెన్సు ఉన్నది ముగ్గురికే. ఆయనకు ఒకటి, మీరు సెలవుల్లో అన్నం కంచం అంచు మీద చెంచాతో టక్కు టక్కుమని కొట్టి మోర్స్ కోడ్ నేర్పిన పుణ్యాన నాకూ ఆశకూ. ఆనందన్ గారి దగ్గర సెట్టు ముందే ఉంది. ఇంకా రెండు కావాలి. అవి ఎంచే పని, "రేడియో ఆఫీసర్ భార్య మీరుండగా మాకెందుకు" అంటూ నా మీద పడేశారు. మీకు ఉత్తరం రాసి జవాబు వచ్చేలోపు వానలు మొదలవుతాయి. అందుకని ఆశా నేనూ బయల్దేరాం.

మొదట బర్మా బజారు. ఒక కొట్టులో అరచేతిలో ఇమిడిపోయే ఎర్ర రంగు జత చూపించాడు. ఎంత ముద్దుగా ఉందంటే, నేను దాదాపు కొనేయబోయాను.

"అక్కా, అయిదు మైళ్లు పోతుంది. ఈడ నిలబడి మాట్లాడితే ఎన్నూరులో వినిపిస్తుంది," అన్నాడు.

"ఎన్నూరులో వినేదానికి ఎవరుండారన్నా?" అని ఆశ అడిగింది.

"ఎవర్నయినా పంపించి చూసుకోమ్మా."

అది ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో అతనికి తెలియదు. పెట్టె మీదా లేదు. మన లైసెన్సుకు ఒప్పుతుందా అని అడిగితే, "పోలీసోళ్లు అడిగితే పిల్లకాయల బొమ్మ అని చెప్పక్కా" అన్నాడు. మీ మొహం గుర్తుకొచ్చింది. దాన్ని అక్కడే పెట్టేసి వచ్చాం.

తర్వాత రిచీ స్ట్రీట్. ఒక హ్యామ్ మిత్రుడు తన కొత్త సెట్టు అమ్ముతానన్నాడు. సన్నంగా, తేలికగా, నిండా బుల్లి బటన్లతో ఉంది. పరీక్షించకుండా కొననని చెప్పి ఒక రోజుకు తెచ్చాను. ఆశను మన మేడ మీద నిలబెట్టి, ఆనందన్ గారి సెట్టు దానికిచ్చి, నేను ఈ కొత్తది పట్టుకుని నడిచాను. రాయపురం చేపల రేవు దగ్గర ఆశ గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించింది. ఆనందపడుతూ జార్జి టౌన్ సందుల్లోకి తిరిగానో లేదో, బరబరమని శబ్దం తప్ప ఏమీ లేదు. తోపుడుబండ్లు లాగేవాళ్లు, ఈమె ఎవరితో కొట్లాడుతోందా అని చూశారు. సరే, సందుల్లో గోడలు అడ్డమని తెలుసు కాబట్టి దాన్ని తప్పుపట్టలేదు. కానీ చినుకులు పడ్డాక తడి వేళ్లతో ఆ బుల్లి బటన్లు నొక్కలేకపోయాను. ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోంది. పైగా అది చార్జి బ్యాటరీతోనే నడుస్తుంది, మామూలు సెల్లు పట్టవు. కొండలో చార్జి అయిపోతే ప్లగ్గు ఎక్కడ పెట్టాలి?

చివరికి మైలాపూరు యతిరాజులు గారి దగ్గరికి పోయాం. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన, మేడ మీద బట్టలారేసే తీగలకన్నా ఏంటెనా తీగలే ఎక్కువ. ఆయన దగ్గర రెండు పాత సెట్లున్నాయి. ఇటుకల్లా ఉన్నాయి. ఒకదాని తోలు తొడుగు చిరిగింది. కానీ బటన్లు పెద్దవి, గొంతు పెంచే మర తడి చేత్తోనూ తిరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా చార్జి బ్యాటరీ తీసేసి పెన్‌టార్చి సెల్లు వేసుకునే డబ్బా విడిగా ఉంది. ఆ సెల్లు ఏ పల్లెటూరి కొట్టులోనైనా దొరుకుతాయి.

"బరువుగా ఉండాయి తాతా," అంది ఆశ.

"బరువు మోయొచ్చు తల్లీ. ఇంకోమాట చెప్తా విను," అన్నారాయన. "కొండలో దూరం కాదు మీ కష్టం, అడ్డం. నడాన ఒక గుట్ట వచ్చిందంటే ఎంత మంచి సెట్టయినా మూగదే. అందుకని ఒకరిని ఎత్తులో కూచోబెట్టండి. కిందుండే ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అందకపోయినా, పైనున్న మనిషికి ఇద్దరిదీ అందుతుంది. ఆ మనిషి ఈడి మాట ఆడికి, ఆడి మాట ఈడికి చెప్పాల. ఆ పైన కూచునేవాళ్లు మాత్రం కదలగూడదు. చూసుకోండి."

ఆ రెండు ఇటుకలూ తెచ్చుకున్నాం. మీరు వచ్చాక విప్పి చూసి వంకలు పెట్టండి, ఒప్పుకుంటాను.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం మళ్లీ నాగలాపురం కొండలకే పోయాం. పాఠశాలలో నాతో పనిచేసే సెలీనాకు మోకాళ్ల నొప్పి, ఆమె కొండవాగు వెంట రాలేనంది. అందుకని ఆమెనూ ఆశనూ ఒక బోడిగుట్ట మీద కూర్చోబెట్టాం. అక్కడి నుంచి వాగు పైభాగం, కిందిభాగం రెండూ కనిపిస్తాయి. ముందు ఆనందన్ గారు ఒక సెట్టుతో, చివర నేనూ మారిముత్తు గారూ ఇంకో సెట్టుతో. ఆశకు గుట్ట మీద విసుగు. "అమ్మా, ఈడ ఒక తొండ ఉండాది, నన్నే చూస్తా ఉండాది, ఓవర్" లాంటి కబుర్లు పంపింది. వైర్‌లెస్‌లో తొండల సంగతి మాట్లాడకూడదని నేను మందలించాను.

మధ్యాహ్నం ముందువాళ్లు వాగు దాటి, అవతలి పక్క మడుగు దగ్గర రాళ్ల మీద భోజనాలకు కూర్చున్నారు. మేమిద్దరం ఇంకా ఇవతలే, దాటబోతున్నాం. మా నెత్తిన ఎండ కాస్తోంది. అప్పుడు ఆశ గొంతు వచ్చింది. ఈసారి ఆటలేదు అందులో.

"అమ్మా, ఆనందన్ అన్నా, ఇద్దరూ వినండి. పైన కొండ నల్లబడి ఉండాది. వాగు నీళ్లు ఎర్రగా మారి దిగతా ఉండాయి. ఎవరూ వాగులో ఉండొద్దు. లేవండి. ఓవర్."

ఆనందన్ గారు మారుమాట అడగలేదు. డబ్బాలు అక్కడే వదిలేయించి అందర్నీ గట్టు మీదికి ఎక్కించారు. నేనూ మారిముత్తు గారూ వెనక్కి తిరిగాం. ముందు చల్లటి గాలి వచ్చింది, ఆ వెంటనే నీళ్లు. ఎర్రటి నీళ్లు, కొమ్మలు, నురగ. అంతకుముందు వాళ్లు కూర్చున్న రాళ్లు ఒక్కటీ కనబడలేదు. అందరూ బతికి గట్టు మీద ఉన్నారు. ఆనందన్ గారి పులిహోర డబ్బా మాత్రం బంగాళాఖాతం వైపు పోయింది.

ఇక్కడితో ఉత్తరం ముగించి, "చూశారా, సెట్లు ఎంత బాగా ఎంచామో" అని రాయాలనే మొన్నటిదాకా అనుకున్నాను. అత్తయ్య చేతా, మీ తమ్ముడి చేతా ఒట్టు కూడా వేయించుకున్నాను, ఓడ కంపెనీ ద్వారా మీకు కబురు పంపకూడదని. కానీ ఉత్తరం మొదట్లో అందరి క్షేమం రాసి నాది రాయలేదని మీరు ఈపాటికే గమనించి ఉంటారు. కంగారు పడకుండా చదవండి. నేను మన మంచం మీద, వీపు వెనక రెండు దిండ్లతో, అత్తయ్య కలిపిచ్చిన కాఫీ తాగుతూ రాస్తున్నాను. నా ఎడమ కాలికి మోకాలి దాకా పిండికట్టు ఉంది.

ఆ రోజు గట్టు ఎక్కేటప్పుడు తడి రాయి మీద జారాను. కాలు రెండు బండల మధ్య ఇరుక్కుంది, ఒళ్లు ఇంకోవైపు పడింది. ఎముక విరిగిన శబ్దం నాకే వినిపించింది. మారిముత్తు గారు కాలు విడిపించి, నన్ను నీళ్లకు అందనంత పైకి లాగి, తన చేతికర్రను నా కాలికి ఆనించి నా పసుపు తువ్వాలుతో కట్టారు. వాగు హోరులో అవతలి గట్టు మీదివాళ్లకు మా కేకలు అందలేదు. చెట్లు అడ్డమై మేము కనబడటమూ లేదు. సెట్టులో ఆనందన్ గారిని పిలిచాను. మధ్యలో కొండ మలుపు, జవాబు లేదు. ఆశను పిలిచాను.

"ఆశా, నా కాలు విరిగినట్టుండాది. మారిముత్తు గారు పక్కనే ఉండారు. ఆనందన్ గారికి చెప్పు. ఓవర్."

"అమ్మా, నేను దిగి వస్తా ఉండాను" అంది. ఓవర్ అనలేదు.

"రావద్దు."

"నాకు నీ పసుపు తువ్వాలు కనిపిస్తా ఉండాది మా. దగ్గరే. వచ్చేస్తాను."

"దగ్గర కాదు. నడాన లోయ ఉండాది. నువ్వు దిగితే నా మాట ఆనందన్ గారికి చెప్పేవాళ్లు ఎవురూ లేరు. నేను ఏడుండానో ఆయనకు తెలియదు. ఆడే కూచో. కదలొద్దు."

"అమ్మా."

"ఆడే కూచో ఆశా. ఓవర్."

సెలీనా తర్వాత చెప్పింది. అప్పటికే ఆశ సంచి భుజాన వేసుకుని రెండడుగులు కిందికి దిగిందట. నా మాట విని వెనక్కి వచ్చి కూర్చుందట. కన్నీళ్లు కారిపోతున్నా, ఆనందన్ గారితో మాట్లాడటానికి బటన్ నొక్కినప్పుడు మాత్రం గొంతులో ఏ వణుకూ లేదట. నేను ఏ పక్కన ఉన్నానో, పైన ఏ చెట్టు గుర్తో, నీళ్లు ఎక్కడ తగ్గాయో, పై నుంచి చూసి ఒక్కొక్కటీ చెప్పింది. ఆయన ఇద్దర్ని వెంటబెట్టుకుని కిందనున్న పల్లెకు పోయి, తాళ్లూ నులకమంచమూ మనుషుల్నీ తీసుకుని, దిగువన వాగు వెడల్పై పలచబడిన చోట దాటి వచ్చారు. దానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆ మధ్యాహ్నమంతా వాన గుట్ట మీద కురిసింది. ఆ పిల్ల ఆ వానలోనే కూర్చుని ఉంది.

కాసేపటికొకసారి, "అమ్మా, వింటా ఉండాను" అనేది. నేను "ఉండాను" అనేదాన్ని. అంతే. చార్జి పొదుపు చేయాలి కదా. అయినా ఒక దశలో నా సెట్టు బ్యాటరీ చచ్చింది. మారిముత్తు గారు గొడుగు మెడకు ఇరికించుకుని, తడి వేళ్లతో సెల్లు డబ్బా మార్చారు. మళ్లీ ఆన్ చేసేసరికి ఆశ పిలుస్తూనే ఉంది. ఎప్పటి నుంచి పిలుస్తోందో తెలియదు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

నన్ను మగతలోకి పోనీయకుండా మారిముత్తు గారు వంజరం చేపల పులుసు ఎలా కాచాలో మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. నేను శాకాహారినన్న సంగతి ఆయనకు తెలుసు. "నాకు వచ్చింది అదొక్కటే అమ్మా" అన్నారు పాపం. మీరు వచ్చాక ఆయన ఇంటికి తప్పక పోవాలి.

ఊరికి తెచ్చి, ఆపరేషన్ చేసి, లోపల ఎముకకు స్టీలు రేకు వేశారు. ఎముక చక్కగా అతుకుతోందని డాక్టరు గారు అన్నారు. జనవరికి కర్ర కూడా అక్కర్లేదట. నొప్పి ఇప్పుడు లేదు. నిజంగానే లేదు. మీరు నడిసముద్రంలో ఉండి ఏం చేయగలరు, ఊరికే అన్నం మానేస్తారు, అందుకే చెప్పలేదు. మీరు వచ్చి, కొద్దిగా కుంటుతూ తలుపు తీసే నన్ను చూసి, తిట్టుకున్నంతసేపు తిట్టుకునేవారు. అంతటితో పోయేది. కానీ ఆశ కోసం ఇప్పుడే చెప్పాల్సి వచ్చింది.

అది నన్ను ఎంత బాగా చూసుకుంటోందో చెప్పలేను. స్నానం, మందులు, జడ, అన్నీ అదే. కానీ ఇంట్లో మాట తగ్గిపోయింది. సెట్టును పాత చీరలో చుట్టి బీరువా పైన పెట్టేసింది. ఆనందన్ గారు, సెలీనా వచ్చి మెచ్చుకుంటే లేచి వంటింట్లోకి పోతుంది. యతిరాజులు గారు ఫోన్ చేసి, "నేను కదలగూడదంటిని, నువ్వు కదల్లేదు, బంగారు తల్లివి" అంటే, ఫోన్ అత్తయ్య చేతికిచ్చేసింది. నా మీద కోపమేమో అనుకున్నాను. రావద్దని నేను కసిరిన మాట దాని గుండెలో గుచ్చుకుని ఉంటుందేమో అనుకున్నాను.

మొన్న నా కాలి కింద దిండు సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, నాన్న ఓడలో కూచుని ఉంటాడు కద. ఏడో ఇంకో ఓడ మునిగిపోతా ఉంటుంది. కాపాడండి అని వాళ్లు పిలిచేది నాన్నకు వినిపిస్తుంది. వాళ్లు యాడో దూరాన ఉంటారు. ఈయన పోలేడు. దగ్గరుండే ఓడకు చెప్పి, వింటా కూచోవాల. అంతే కద?"

"అంతే," అన్నాను.

"అట్ల ఎన్నిసార్లు కూచున్నాడు?"

నాకు తెలియదండీ. పెళ్లయినప్పటి నుంచి మీకు ఎన్నో ఉత్తరాలు రాశాను. అన్నం తిన్నారా, జ్వరం తగ్గిందా, ఎప్పుడొస్తారు అని అడిగాను. ఇది అడగాలని నాకు తోచలేదు. మీరూ చెప్పలేదు. ఆశ దిండు మళ్లీ సర్దింది.

"నీ సెట్టు ఆగిపోయినప్పుడు నువ్వు పోయినావనుకున్నాను మా," అంది. "అయినా కూచునే ఉండాను. ఎందుకు కూచున్నానో నాకే తెలియలేదు. అట్ల కూచున్న నేను మనిషినేనా అనిపిస్తా ఉండాది."

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. నువ్వు కూచోబట్టే నేను బతికాను అని చెప్పాను. ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు దానికి. తలూపింది, ఏడ్చింది, లేచి పోయి పాలు కాచింది. నా మాట దానికి ఆనలేదు. ఎందుకంటే నేను వాగు పక్కన పడి ఉన్నదాన్ని. గుట్ట మీద కూర్చున్నదాన్ని కాను. అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

మీ ఉత్తరం చివర ఒక మాట రాశారు. ఇంకో ఏడాదికి ఓడల్లో మీ గది తీసేస్తారని, ఇక అంతా ఉపగ్రహాలే వింటాయని, మీరు ఒడ్డుకు వచ్చి తమ్ముడి అంగట్లో మిరపకాయలు తూస్తారని. నవ్వుతూ రాసినట్టే రాశారు. మీ అక్షరాలు నాకు తెలుసు, ఆ పంక్తి దగ్గర కలం ఆగి ఆగి నడిచింది. అంగడి సంగతి మీరు వచ్చాక మాట్లాడుకుందాం. మిరపకాయలకు మీకు తుమ్ములు వస్తాయి, అది కుదరదు. కానీ ఈలోగా మీ ఇంట్లోనే ఒక పిల్ల ఉంది, మీకు తప్ప ఇంకెవరికీ జవాబు తెలియని ప్రశ్న పెట్టుకుని.

దానికి రాయండి. ధైర్యం చెప్పనక్కర్లేదు, అది ఇప్పటికే చాలామంది చెప్పారు. మీరు విన్న పిలుపుల గురించి రాయండి. దక్కినవాళ్ల గురించి, దక్కనివాళ్ల గురించి కూడా. ఆ రాత్రులు మీరు గదిలోంచి లేచి ఎక్కడికి పోయేవారో, మరునాడు మళ్లీ ఆ కుర్చీలో ఎలా కూర్చునేవారో, అంతా. దానికి ఇరవై ఏళ్లు నిండబోతున్నాయి, తట్టుకుంటుంది.

నాకు రాసే ఉత్తరంలో దాన్ని కలపకండి. విడిగా రాసి, కవరు మీద ఆశ పేరే వేయండి. నేను అడిగి చదివించుకోను. అది తనంతట తాను చూపిస్తే చూస్తాను.

వేళకు తినండి. తల తడిపి గాలిలో నిలబడకండి.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే
మీ ఇల్లాలు,
జయంతి